కౌన్సిల్ ట్యాక్స్ బాకీకి బెయిలిఫ్ తలుపు తడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటి పన్ను ఓనరు చూసుకునే వ్యవహారం. అద్దెకున్నవాళ్లకు ఆ బిల్లు కంటపడదు. ఇంగ్లండ్‌లో అలా కాదు. కౌన్సిల్ ట్యాక్స్ (అక్కడి స్థానిక సంస్థ అయిన కౌన్సిల్ వేసే ఇంటి పన్ను) సాధారణంగా ఆ ఇంట్లో కాపురం ఉన్నవాళ్ల మీద పడుతుంది, అద్దెకున్నా సరే. కొత్తగా వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది ఈ ఒక్క తేడా తెలియకే బాకీ పడుతుంటారు. "రెంట్‌లో అన్నీ కలిసే ఉంటాయి" అని ఎవరో చెప్పిన మాట నమ్మడం, ఇళ్లు మారుతూ ఉత్తరాలు అందుకోకపోవడం తర్వాతి కారణాలు.

కింద ఉన్నదంతా ఇంగ్లండ్ గురించి. వేల్స్‌లోనూ బెయిలిఫ్‌ల నియమాలు ఇవే. స్కాట్లండ్‌లో షెరిఫ్ ఆఫీసర్లు, సమ్మరీ వారంట్ అని పద్ధతే వేరు. నార్తర్న్ ఐర్లండ్‌లో కౌన్సిల్ ట్యాక్సే లేదు.

బెయిలిఫ్ అంటే పోలీసా, కోర్టు మనిషా?

రెండూ కాదు. కౌన్సిల్ ట్యాక్స్ కోసం వచ్చేది ఎక్కువగా ప్రైవేటు కంపెనీ మనిషి. చట్టంలో అతని పేరు ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంట్. కౌంటీ కోర్టు ఇచ్చిన సర్టిఫికెట్ అతనికి ఉండాలి. మన దగ్గర డిక్రీ పట్టుకుని జప్తుకొచ్చే కోర్టు అమీనా చేసే పని ఇతనూ చేస్తాడు గానీ, అమీనాది కోర్టు ఉద్యోగం, ఇతనిది కాంట్రాక్టు. అతని కంపెనీకి ఆదాయం మీ దగ్గర వసూలు చేసే ఫీజుల నుంచే వస్తుంది. అతని మాటల్లో తొందర ఎందుకు ఉంటుందో దీంతో సగం అర్థమవుతుంది.

అరెస్టు చేసే అధికారం అతనికి లేదు. పోలీసులు వచ్చినా గొడవ జరగకుండా చూడటానికే తప్ప డబ్బు వసూలు చేయడానికి కాదు.

ఒక్క వాయిదా తప్పితే ఇంతదూరం ఎలా వస్తుంది?

చాలామంది అనుకునేదానికంటే త్వరగా వస్తుంది. ఏడాది పన్నును మామూలుగా ఏప్రిల్ నుంచి జనవరి దాకా 10 వాయిదాలుగా కడతారు (అడిగితే 12 చేస్తారు). ఒక వాయిదా తప్పితే రిమైండర్ పంపి 7 రోజులు గడువిస్తారు. ఆలోగా కట్టకపోతే మరో 7 రోజులకు వాయిదాల సౌకర్యం పోయి, ఏడాదిలో మిగిలిన మొత్తమంతా ఒకేసారి కట్టాల్సి వస్తుంది. గడువులో కట్టేసి మళ్లీ ఆలస్యం చేస్తే రెండో రిమైండర్. అదే ఏడాది మూడోసారి తప్పితే రిమైండర్ ఉండదు, నేరుగా ఫైనల్ నోటీసు.

ఆ తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు సమన్లు వస్తాయి, విచారణకు కనీసం 14 రోజుల ముందు. కోర్టు లయబిలిటీ ఆర్డర్ (ఈ బాకీ మీరు కట్టాల్సిందేనన్న ఆదేశం) ఇస్తే దాని ఖర్చులూ బాకీలో కలుస్తాయి. ఆ ఖర్చు కౌన్సిల్‌ను బట్టి మారుతుంది. బెయిలిఫ్‌కు ఫైలు అప్పగించే అధికారం కౌన్సిల్‌కు వచ్చేది ఈ ఆర్డర్‌తోనే. ఇది లేకుండా కౌన్సిల్ ట్యాక్స్ పేరుతో ఎవరు తలుపు తట్టినా మీ వస్తువుల మీద వాళ్లకు హక్కు లేదు.

సమన్లు వచ్చాయి. కోర్టుకు వెళ్లకపోతే నేరమా?

నేరం కాదు. ఇది క్రిమినల్ కేసు కాదు. ఒకే పూట వందల పేర్లు చదివి ఆర్డర్లు ఇచ్చేస్తుంటారు. లయబిలిటీ ఆర్డర్ కౌంటీ కోర్టు జడ్జిమెంట్ కాదు కాబట్టి క్రెడిట్ రికార్డులోకి ఎక్కదు.

వెళ్లి చెప్పుకోదగ్గ కారణాలు కొన్నే: ఇప్పటికే కట్టేశాను, బిల్లు లేదా రిమైండర్ నిబంధన ప్రకారం ఇవ్వలేదు, పన్ను కట్టాల్సిన తేదీ దాటి 6 ఏళ్లయ్యాక దరఖాస్తు పెట్టారు, ఇలాంటివి. "నా దగ్గర డబ్బు లేదు" అనేది ఆర్డర్‌ను ఆపదు. "నేను విద్యార్థిని, నాకు మినహాయింపు ఉంది" అన్న వాదన కూడా మేజిస్ట్రేట్ తేల్చేది కాదు, దానికి ఇలాంటి పన్ను వివాదాలు తేల్చే వాల్యుయేషన్ ట్రిబ్యునల్ వేరే ఉంది. విచారణకు ముందే బాకీ, సమన్ల ఖర్చు మొత్తం కట్టేస్తే కేసు అక్కడితో ఆగుతుంది. వాయిదాల ఒప్పందం కుదిరినా చాలా కౌన్సిళ్లు ఆర్డర్ మాత్రం తీసుకుంటాయి. అయితే ఒప్పందం నడుస్తున్నంతకాలం ఫైలు బెయిలిఫ్‌కు పంపబోమని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

అసలు ఈ బాకీ నేను కట్టాల్సిందేనా?

వాయిదాలు మాట్లాడుకునే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. తెలుగువాళ్లకొచ్చే బిల్లుల్లో పూర్తిగానో కొంతమేరో తప్పుగా వేసినవి తక్కువేం కాదు.

ఇంట్లో ఉన్నవాళ్లందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే ఆ ఇంటికి పన్నే లేదు. కోర్సు కనీసం ఏడాది ఉండాలి, ఏడాదికి కనీసం 24 వారాలు, వారానికి సగటున 21 గంటల చదువు ఉండాలి. కానీ ఈ మినహాయింపు దానంతటదే రాదు. యూనివర్సిటీ నుంచి కౌన్సిల్ ట్యాక్స్ సర్టిఫికెట్ తీసుకుని కౌన్సిల్‌కు పంపాలి. పాత కాలానికి కూడా అడగవచ్చు. లయబిలిటీ ఆర్డర్ వచ్చాక సర్టిఫికెట్ పంపినా బిల్లు తగ్గించాల్సిందే.

విద్యార్థి మీద డిపెండెంట్‌గా వచ్చిన భార్యకో భర్తకో ఉద్యోగం ఉంటే? ఇక్కడ చాలామంది హక్కు వదులుకుంటున్నారు. ఆ వ్యక్తి బ్రిటిష్ పౌరులు కాకుండా, వీసా షరతుల వల్ల పని చేయడం గానీ బెనిఫిట్లు తీసుకోవడం గానీ నిషేధమై ఉంటే, వాళ్లున్నా ఇంటికి మినహాయింపు పోదు. "పబ్లిక్ ఫండ్స్ లేవు" అని వీసాలో ఉంటే రెండో షరతు వర్తించినట్టే. "మీ ఆవిడ ఉద్యోగం చేస్తున్నారు కదా" అని కౌన్సిల్ సిబ్బంది కాదంటే, క్లాస్ ఎన్ మినహాయింపు అని పేరు పెట్టి రాయండి.

కోర్సు ముగిసిన తేదీతో ఈ రక్షణ ముగుస్తుంది. స్నాతకోత్సవం తేదీ కాదు, సర్టిఫికెట్‌లో ఉన్న ముగింపు తేదీ. ఎం.ఎస్. అయిపోయి గ్రాడ్యుయేట్ వీసాకు మారిన నెలల్లో అదే ఇంట్లో ఉన్నవాళ్లకు బాకీ పుట్టేది సరిగ్గా ఇక్కడే.

నలుగురు కలిసి ఉంటున్న ఇంట్లో ముగ్గురు విద్యార్థులు, ఒకరు ఉద్యోగి అయితే బిల్లు 25 శాతం తగ్గుతుంది, మిగిలింది ఉద్యోగి ఒక్కరిదే. టెనెన్సీలో పేరున్నా ఆ విద్యార్థుల దగ్గర వసూలు చేయడానికి వీల్లేదు. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు ఒకే అగ్రిమెంట్ మీద ఉంటే మాత్రం ఉమ్మడి బాధ్యత: మొత్తం బాకీ ఒక్కరి దగ్గరే అడగవచ్చు, "నా వాటా నేను కట్టాను" అంటే చెల్లదు. ఓనరు గదులు విడివిడిగా అద్దెకిచ్చే షేరింగ్ ఇల్లయితే పన్ను సాధారణంగా ఓనరుదే.

ఇల్లు మారిన తేదీ తప్పుగా పడటం ఇంకో మామూలు పొరపాటు. పాత టెనెన్సీ అగ్రిమెంట్, చెక్‌అవుట్ రిపోర్టు, కొత్త ఇంటి అగ్రిమెంట్ జతచేసి పంపితే తేదీలు సరిచేస్తారు.

వివాదం ఉంటే ముందు కౌన్సిల్‌కు రాతపూర్వకంగా పంపండి. జవాబుకు వాళ్లకు 2 నెలలు. కాదన్నా, జవాబే ఇవ్వకపోయినా వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, ఫీజు లేదు. నిర్ణయం వచ్చిన తేదీ నుంచి 2 నెలలు, జవాబు రాకపోతే మీరు రాసిన తేదీ నుంచి 4 నెలలు గడువు. అయితే ట్రిబ్యునల్‌లో ఉందన్నంత మాత్రాన బెయిలిఫ్ ఆగడు. "వివాదం తేలేవరకు ఫైలు ఆపండి" అని కౌన్సిల్‌ను విడిగా అడగాలి.

లయబిలిటీ ఆర్డర్ వచ్చినట్టే తెలియదు. పాత అడ్రస్‌కు పంపారట.

చివరిగా తెలిసిన చిరునామాకు పంపితే చెల్లుతుందని చట్టం. అయినా ఆర్డర్ ఇవ్వకూడని సందర్భంలో ఇచ్చారని కౌన్సిల్ ఒప్పుకుంటే, దాన్ని రద్దు చేయమని తనే మేజిస్ట్రేట్‌ను అడగగలదు. ఒప్పుకోకపోతే మీరే కోర్టును అడగవచ్చు. మూడు విషయాలు చూస్తారు: బాధ్యత గురించి నిజంగా వాదించదగ్గ వివాదం ఉందా, ఆర్డర్ ఇచ్చిన తీరులో పెద్ద లోపమో పొరపాటో జరిగిందా, తెలిసిన వెంటనే వచ్చారా. మూడోదాని దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. ఆరు నెలలు ఊరుకుని వెళ్తే వినరు.

బెయిలిఫ్ ఫీజులు ఎంత?

చట్టం నిర్ణయించినవే, కంపెనీ ఇష్టం కాదు. 2025 మే 22 నుంచి ఇవి:

ఫైలు కంపెనీకి చేరగానే 79 పౌండ్లు (కంప్లయన్స్ దశ).
మొదటిసారి ఇంటికి వచ్చిన క్షణాన మరో 247 పౌండ్లు, బాకీ 1,900 పౌండ్లు దాటితే దాటిన దాని మీద 7.5 శాతం అదనం.
వస్తువులు అమ్మకానికి తీసుకెళ్లే దశకు వస్తే 116 పౌండ్లు, మళ్లీ 1,900 దాటిన దాని మీద 7.5 శాతం, నిల్వ, వేలం ఖర్చులు వేరే.

కోర్టు ఖర్చుతో కలిపి 1,640 పౌండ్ల బాకీ అనుకుందాం. ఇంటికి వచ్చే ముందు కంపెనీ పంపే నోటీసుతో 1,719 అవుతుంది. ఒక్కసారి ఇంటికి వస్తే 1,966. బాకీ 2,500 అయితే రెండో ఫీజు 247 కాదు, 292 (దాటిన 600 మీద 45). మీరు ఇంట్లో లేకపోయినా, తలుపు తీయకపోయినా ఆ 247 పడుతుంది. కానీ ఒక్కసారే. పదిసార్లు వచ్చినా "విజిట్ చార్జీ" అని మళ్లీ వేయకూడదు. ఫోన్‌కు, ఉత్తరానికి, కార్డు చెల్లింపుకు విడిగా చార్జీలు లేవు.

రెండు మూడేళ్ల బాకీకి విడివిడి ఆర్డర్లు ఉంటే 79 ఒక్కోదానికి పడుతుంది. 247 మాత్రం, ఆ ఆర్డర్లను కలిపి నడపడం సాధ్యమైనప్పుడు ఒక్కటే ఉండాలి. ఒకే రోజు ఒకే మనిషి మూడు ఆర్డర్ల కోసం వచ్చి మూడు 247లు వేస్తే అది ఫిర్యాదు చేయాల్సిన విషయం. ఈ తప్పు కనబడాలంటే ఆర్డర్ వారీగా, ఫీజు వారీగా వివరం అడగాలి. మొత్తం అంకె ఒక్కటే చెబితే ఒప్పుకోకండి.

కంపెనీ నోటీసులో "7 క్లియర్ డేస్" (ఇంటికి వచ్చే ముందు ఇవ్వాల్సిన ఏడు పూర్తి రోజులు) అంటే ఎలా లెక్కపెట్టాలి?

నోటీసు ఇచ్చిన రోజు, వాళ్లు వచ్చే రోజు లెక్కలోకి రావు. ఆదివారాలు, బ్యాంక్ హాలిడేలు, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ కూడా రావు. శనివారం వస్తుంది. సోమవారం ఇచ్చిన నోటీసైతే మంగళవారం నుంచి శనివారం దాకా ఐదు, ఆదివారం వదిలేసి సోమ, మంగళ రెండు. అంటే బుధవారం కంటే ముందు రాకూడదు. ముందే వస్తే ఆ 247 పౌండ్లను సవాలు చేయవచ్చు. కవరు పారేయకండి.

ఆ ఏడు రోజుల్లో ఏం చేయాలి?

79 పౌండ్ల దగ్గర ఆగిపోయే అవకాశం ఈ వారంలోనే ఉంది. ఉత్తరం తెరవకుండా పక్కన పెట్టడం వల్ల పోయేది కనీసం 247.

మొదట పైన చెప్పినట్టు బాకీ నిజమో కాదో చూసుకోండి. నిజమైతే నెల ఆదాయం, అద్దె, కరెంటు, గ్యాసు, తిండి, బస్సు పాసు, ఇంటికి పంపే డబ్బుతో సహా ఒక కాగితం మీద రాయండి. ఊళ్లోని అప్పుల ఈఎంఐలను కంపెనీ ముఖ్యమైన ఖర్చుగా ఒప్పుకోకపోవచ్చు, అయినా దాచకుండా రాయండి. మిగిలేదాన్ని బట్టి నెలకు ఎంత కట్టగలరో తేల్చుకోండి. తర్వాత కంపెనీకి ఫోన్ చేసి ఒప్పందం అడగండి, అదే మాటను ఈమెయిల్‌లో కూడా పెట్టండి. మొదటి వాయిదా ఆ రోజే కడితే తిరస్కరించడం వాళ్లకు కష్టమవుతుంది.

కంపెనీలు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో ముగించమంటాయి. భయంతో నెలకు 400 ఒప్పుకుని రెండో నెలే తప్పితే, ఒప్పందం రద్దయి నేరుగా ఇంటికొస్తారు. 150 కట్టగలిగితే 150 అనే చెప్పండి. కాదంటే ఖర్చుల కాగితం జతచేసి కౌన్సిల్ రెవెన్యూ విభాగానికి, మీ వార్డు కౌన్సిలర్‌కు పంపండి. "ఇక మా చేతుల్లో లేదు, బెయిలిఫ్‌తోనే మాట్లాడండి" అని కౌన్సిల్ అంటుంది. ఫైలు వెనక్కి తీసుకునే అధికారం దానికి ఎప్పుడూ ఉంటుంది.

కౌన్సిల్ ఖాతాలో నేరుగా డబ్బు వేసేస్తే ఫీజు తప్పుతుందా అని అడుగుతుంటారు. తప్పదు. ఫైలు కంపెనీ దగ్గర ఉండగా పడిన ఫీజు అలాగే నిలుస్తుంది.

తలుపు తీయాలా?

అక్కర్లేదు. కౌన్సిల్ ట్యాక్స్ విషయంలో ఇది అన్నిటికంటే విలువైన సంగతి. మొదటిసారి లోపలికి రావాలంటే మీరు రానివ్వాలి, లేదా తలుపు తాళం వేయకుండా ఉండాలి. తోసుకుని రావడం, గుమ్మంలో కాలు అడ్డం పెట్టడం, కిటికీలోంచి దూరడం, గోడ దూకడం కుదరవు. ఉదయం 6కు ముందు, రాత్రి 9 తర్వాత రాకూడదు. ఇంట్లో 16 ఏళ్లలోపు పిల్లలు మాత్రమే ఉంటే లోపలికి అడుగు పెట్టకూడదు.

మాట్లాడాలంటే మేడ కిటికీలోంచో ఉత్తరాల సందులోంచో మాట్లాడండి. వెనక తలుపు గొళ్లెం మర్చిపోకండి. తాళం లేని తలుపు తీసుకుని లోపలికి రావడం వాళ్లకు తప్పు కాదు. ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడటం మనకు మొహమాటం, "లోపలికి రండి, కూర్చోండి" అనే మాట నోటిదాకా వస్తుంది. అమ్మానాన్నలు చూడటానికి వచ్చి ఇంట్లో ఉన్నప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది. వాళ్లకు ముందే చెప్పి ఉంచండి: మెడలో బ్యాడ్జి వేసుకుని ఎవరొచ్చినా తలుపు తీయొద్దని.

తలుపు తీయకపోవడం ఆటంకపరచడం కాదు. చట్టబద్ధంగా పని చేసుకుంటున్న ఏజెంట్‌ను అడ్డగించడం, కారు కదలకుండా చక్రానికి వేసిన క్లాంపు పీకడం మాత్రం నేరాలు. ఫోన్‌లో వీడియో తీయవచ్చు.

"లాక్‌స్మిత్‌ను తెస్తున్నాం, పోలీసులతో వస్తాం" అని చీటీ పెట్టి వెళ్లారు.

కౌన్సిల్ ట్యాక్స్‌కు మొదటి ప్రవేశంలో తాళం పగలగొట్టే అధికారం లేదు. మేజిస్ట్రేట్ కోర్టు వేసిన క్రిమినల్ జరిమానా వసూలుకైతే ఉంది. టీవీ కార్యక్రమాల్లో కనిపించేది ఎక్కువగా హైకోర్టు ఆఫీసర్లు. ఆ భయాన్ని ఇక్కడికి తెచ్చిపెట్టేవాళ్లు ఉంటారు. చీటీని ఫోటో తీసి ఫిర్యాదుకు జతచేయండి.

ఇప్పటికే లోపలికి రానిచ్చి ఏదో కాగితం మీద సంతకం పెట్టాను.

అది కంట్రోల్డ్ గూడ్స్ అగ్రిమెంట్ అయి ఉంటుంది: వస్తువుల జాబితా, కట్టాల్సిన వాయిదాలు. వస్తువులు మీ ఇంట్లోనే ఉంటాయి, కానీ జప్తు కింద ఉన్నట్టే. అమ్మకూడదు, తరలించకూడదు. వాయిదా తప్పితే 2 క్లియర్ డేస్ నోటీసు ఇచ్చి మళ్లీ రావచ్చు. ఈసారి తలుపు తెరవడానికి తగినంత బలం వాడే అధికారం ఉంటుంది, మనుషుల మీద కాదు. కాబట్టి సంతకం పెట్టాక అద్దె తర్వాత మొదట కట్టాల్సింది ఈ వాయిదాయే. కట్టలేని నెల వస్తుందనిపిస్తే తేదీ దాటకముందే రాసి అడగండి.

జాబితా మరోసారి చదవండి. అందులో మీవి కాని వస్తువులు, మినహాయింపు ఉన్న వస్తువులు ఉంటే వెంటనే అభ్యంతరం రాయండి.

ఏవి తీసుకెళ్లకూడదు?

బట్టలు, మంచాలు, పరుపులు, ఇంట్లోవాళ్లకు సరిపడా డైనింగ్ టేబుల్, కుర్చీలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కుక్కర్ లేదా మైక్రోవేవ్‌లో ఒకటి, ఒక ఫోన్, మందులు, వైద్య పరికరాలు, పిల్లల సంరక్షణకు కావాల్సినవి. ఉద్యోగానికో చదువుకో తప్పనిసరైన పనిముట్లు, పుస్తకాలు, కంప్యూటర్, వాహనం అన్నీ కలిపి 1,350 పౌండ్ల విలువ దాకా. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ మీది కాదు కాబట్టి ఆ ప్రశ్నే రాదు.

టీవీ, గేమ్ కన్సోల్, సోఫా ఈ రక్షణలో లేవు. బంగారమూ లేదు. పెళ్లి నగలని, పసుపు కుంకుమల కింద వచ్చిందని ప్రత్యేక మినహాయింపు ఏదీ చట్టంలో రాయలేదు. ఒంటి మీద ఉన్నది లాక్కోవడానికి మాత్రం మనిషి మీద బలప్రయోగం చేసే అధికారం ఎవరికీ లేదు.

ఆర్డర్‌లో పేరున్న వ్యక్తి వస్తువులనే (ఉమ్మడివైతే అతని భాగాన్ని) తీసుకోవాలి. హౌస్‌మేట్ టీవీ అయితే అతను రశీదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో కంపెనీకి రాతపూర్వకంగా క్లెయిమ్ పంపాలి. "అది నాది కాదు" అని మీరు నోటితో చెబితే చాలదు.

కారు సంగతి?

తలుపు మూసుకున్నవాళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడే. కారు బయట ఉంటుంది. డ్రైవ్‌వేలో ఉన్నా రోడ్డు మీద ఉన్నా క్లాంపు వేయవచ్చు. పక్క వీధిలో పెట్టినా రోడ్డే కాబట్టి దొరికితే అంతే. వేరేవాళ్ల ప్రైవేటు స్థలంలో ఉంటే కోర్టు అనుమతి లేకుండా ముట్టుకోలేరు. క్లాంపు వేశాక కనీసం 2 గంటలు ఆగి గానీ తీసుకెళ్లకూడదు.

హైర్ పర్చేజ్ లేదా పీసీపీ (రెండూ వాయిదాల ఫైనాన్స్ పద్ధతులే) మీద ఉన్న కారు ఫైనాన్స్ కంపెనీది, మీది కాదు. అగ్రిమెంట్ కాపీని ముందే ఈమెయిల్ చేసి పెట్టండి. బ్లూ బ్యాడ్జి ఉన్న వికలాంగుల వాహనానికి రక్షణ ఉంది. డెలివరీకో ట్యాక్సీకో వాడే సొంత కారు విలువ 1,350 లోపైతే పనిముట్టు కింద చూపవచ్చు, అయితే లేకపోతే పని సాగదని ఆధారం చూపాలి. ట్రెయిన్ బదులు హాయిగా ఉంటుందన్నది ఆధారం కాదు.

ఇంట్లో గర్భిణి ఉన్నారు, లేదా ఇంగ్లీషు సరిగా రాదు. తేడా ఉంటుందా?

ఉంటుంది. వృద్ధులు, వికలాంగులు, తీవ్ర అనారోగ్యం ఉన్నవాళ్లు, గర్భిణులు, ఒంటరి తల్లిదండ్రులు, ఇటీవల దగ్గరివాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, ఉద్యోగం లేనివాళ్లు, ఇంగ్లీషు అర్థం చేసుకోవడం కష్టమైనవాళ్లు: వీళ్లను బలహీన స్థితిలో ఉన్నవాళ్లుగా చూడాలని జాతీయ ప్రమాణాల్లో ఉంది. బాకీ రద్దు కాదు. కానీ సలహా తీసుకోవడానికి తగిన వ్యవధి ఇవ్వకుండా ముందుకెళ్తే ఆ 247 వసూలు చేయకూడదు. జీపీ (మీ ఫ్యామిలీ డాక్టర్) ఉత్తరం, మెటర్నిటీ సర్టిఫికెట్ లాంటివి కంపెనీకీ కౌన్సిల్‌కీ రెండింటికీ పంపండి. ఒక్కరికే పంపితే ఇంకొకరికి చేరదు.

బ్రీదింగ్ స్పేస్ అంటే?

2021 మే 4 నుంచి ఉన్న పథకం. గుర్తింపు పొందిన రుణ సలహాదారు ద్వారా నమోదైతే 60 రోజులపాటు బెయిలిఫ్ చర్యలు, కొత్త ఫీజులు ఆగుతాయి. 12 నెలల్లో ఒకసారే. నడుస్తున్న ఏడాది వాయిదాల్లాంటివి మాత్రం కడుతూ ఉండాలి. మానసిక అత్యవసర చికిత్సలో ఉంటే చికిత్స జరిగినంతకాలం, ఆపైన 30 రోజులు. రుణ సలహా ఇచ్చే నేషనల్ డెట్‌లైన్ 0808 808 4000, స్టెప్‌చేంజ్ 0800 138 1111 రెండూ ఉచితం. డబ్బు తీసుకుని "అప్పు మాఫీ చేయిస్తాం" అనే ప్రకటనల జోలికి వెళ్లకండి.

బెయిలిఫ్ బదులు జీతంలోంచి కోసుకోమనవచ్చా?

అడగవచ్చు, కౌన్సిల్ ఒప్పుకోవచ్చు కూడా. కానీ ముందు లెక్క చూసుకోండి. ఇంగ్లండ్ పట్టిక ప్రకారం చేతికొచ్చే నెల జీతం 900 నుంచి 1,420 మధ్య ఉంటే 12 శాతం, 1,420 నుంచి 2,020 మధ్య 17 శాతం. 2,020 దాటితే ఆ 2,020 మీద 17 శాతం, పైదాని మీద ఏకంగా 50 శాతం. నెలకు 2,400 చేతికొచ్చేవాళ్లకు 343.40, 190 కలిపి 533.40 పౌండ్లు పోతాయి. యజమాని ప్రతి కోతకు ఒక పౌండు తీసుకోవచ్చు. పైగా యజమానికి విషయం తెలుస్తుంది. స్పాన్సర్‌షిప్ మీద ఉన్నవాళ్లు ఇది తలచుకునే వెనక్కి తగ్గుతారు. చట్టరీత్యా మాత్రం ఈ కోత వీసాకు సంబంధించిన విషయం కాదు. సొంతంగా డెలివరీ చేసేవాళ్లకు జీతం ఉండదు కాబట్టి ఈ దారి లేదు.

వీసాకు దెబ్బా?

కౌన్సిల్ ట్యాక్స్ బాకీ సివిల్ వ్యవహారం. ఆసుపత్రి బాకీ 500 పౌండ్లు దాటితే వీసా నిరాకరించవచ్చని నిబంధనల్లో ఉంది, కౌన్సిల్ ట్యాక్స్‌కు అలాంటి నిబంధన లేదు. పౌరసత్వ దరఖాస్తులో మాత్రం ఆర్థిక నడవడికను కూడా చూస్తారు. కట్టిన రశీదులు, ఒప్పందం ఈమెయిళ్లు దాచుకోండి.

అసలు జాగ్రత్త వేరే చోట ఉంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ పబ్లిక్ ఫండ్స్ లెక్కలోకి వస్తుంది. "పబ్లిక్ ఫండ్స్ లేవు" అని వీసాలో ఉండగా దానికి దరఖాస్తు పెడితే వీసా షరతు ఉల్లంఘించినట్టే. బెయిలిఫ్ వచ్చాడనే కంగారులో, కౌన్సిల్ కౌంటర్ దగ్గర ఎవరో ఇచ్చిన ఫారం నింపేస్తే చిన్న బాకీ పెద్ద చిక్కవుతుంది. ఒంటరిగా ఉన్నందుకు ఇచ్చే 25 శాతం తగ్గింపు, విద్యార్థి మినహాయింపు పబ్లిక్ ఫండ్స్ కావు, నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఇండియాకు వచ్చేశాను. ఇప్పుడు?

6 ఏళ్ల గడువు లయబిలిటీ ఆర్డర్ అడగడానికే. ఒకసారి ఆర్డర్ వచ్చాక బాకీకి కాలదోషం లేదు. మళ్లీ ఇంగ్లండ్‌లో చిరునామా నమోదైతే పాత బాకీ బయటికి రావచ్చు. ఇల్లు వదిలేటప్పుడు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఖాళీ చేసిన తేదీ, ఈమెయిల్ ఇచ్చి చివరి బిల్లు తెప్పించుకోవాలి. ముందే ఎక్కువ కట్టి ఉంటే వాపసు కూడా వస్తుంది, చాలామంది అడగరంతే.

ఫిర్యాదు ఎవరికి?

మొదట కంపెనీకి, అదే కాపీ కౌన్సిల్‌కు. బెయిలిఫ్ చేసిన తప్పుకు కౌన్సిల్ కూడా జవాబుదారే. తృప్తికరమైన జవాబు రాకపోతే ఇంగ్లండ్‌లో లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు. ఈ రంగంలో కంపెనీల తీరును చూసే ఎన్‌ఫోర్స్‌మెంట్ కండక్ట్ బోర్డ్ కూడా ఉంది. తేదీ, సమయం, ఏజెంట్ పేరు, అన్న మాట, వేసిన ఫీజు, ఏ నియమం తప్పారన్నది: ఇవి ఒక పేజీలో ఉంటే చాలు. కోపం రెండో పేజీకి వదిలేయండి.

వచ్చినవాడు అసలు బెయిలిఫేనా అని ఎలా తెలుసుకోవాలి?

తలుపు తీయకుండానే గుర్తింపు కార్డు కిటికీకి ఆనించి చూపించమనండి. పేరును ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని సర్టిఫికెట్ ఉన్న బెయిలిఫ్‌ల రిజిస్టర్‌లో వెతకండి. తర్వాత కౌన్సిల్ బిల్లు మీదున్న నంబరుకు (అతనిచ్చిన నంబరుకు కాదు) ఫోన్ చేసి, ఫైలు ఏ కంపెనీకి ఇచ్చారో అడగండి. గిఫ్ట్ కార్డులతోనో ఎవరో వ్యక్తి సొంత ఖాతాకో కట్టమంటే అతను బెయిలిఫ్ కాదు.